నక్కవుల్లిగడ్డ: పెంచి గుర్తించు విద్య

ఐరిస్ గడ్డలకు గట్టి చలికాలము కావలెను. రాయచోటికి అది లేదు. పశ్చిమ, మధ్య ఆసియాలోని కొండనేలలలో మంచు కరుగుచుండగనే పూచునట్టి ఆ నీలిపువ్వుల గడ్డలను తెచ్చి మాండవ్యనది యొడ్డున నాటదలచినవాడు మరుసటి యేటికి పొట్టును మాత్రమే త్రవ్వుకొనును. అయినను వానిని ప్రేమించి పెంచినవారు నేర్చి చూపిన విద్య యొకటి కలదు. అది మనకును పనికివచ్చును. కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రమును బోధించుచు, తీరిక వేళల తోటలో ఐరిస్‌లను సాకిన సర్ మైకేల్ ఫాస్టర్ 1892లో గడ్డ ఐరిస్‌లను గూర్చి యొక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆయన విడిచిపోయిన వ్రాతలను ఆధారముగా గొని, బడిపంతులైన డబ్ల్యు. ఆర్. డైక్స్ 1913లో ఆ ప్రజాతి నంతటిని వర్ణించు బృహద్గ్రంథమును వెలువరించెను. వీరిరువురును కాగితమున కంటించిన యెండుకొమ్మను చూచి తృప్తిపడినవారు కారు. గడ్డను నాటి, దాని పొర వలవలె నల్లుకొన్నదా నునుపుగా నున్నదా, ఎండాకాలమున గడ్డ నంటి బలిసిన వేళ్లు నిలిచియున్నవా లేదా యని సంవత్సరము పొడుగునను చూచి, పిమ్మట పేరు పెట్టినవారు.

ఈ విద్యను ప్రయోగింపదగిన మొక్క మన గుట్టలయందే కలదు. రాయచోటి పరిసరములలోని గరుసునేలలును, బండల సందులును, గువ్వలచెరువు కనుమ మొదలు పాలకొండల వరకు వ్యాపించిన పొదల యడవులును దానికి దగిన యునికిపట్టులు. మనవారు దానిని నక్కవుల్లిగడ్డ యనియు, అడవియుల్లి యనియు నందురు. వైద్యులు వనపలాండు వనిరి. ఇంత పరిచితమైన గడ్డను గుర్తించుట కష్టమేమి యని పాఠకుడు శంకింపవచ్చును. కష్టమంతయు దాని జీవితక్రమములో నున్నది: పువ్వున్నప్పుడు ఆకుండదు, ఆకున్నప్పుడు పువ్వుండదు. చైత్రవైశాఖములలో, గడ్డి సైతము మాడి నేల నెఱ్ఱె లిచ్చిన కాలమున, ఒక్క ఆకైనను లేక కాడ యొక్కటి నేలనుండి నిటారుగా లేచును. ముంగారు చినుకులు పడి నేల మెత్తబడిన పిమ్మటగాని ఆకులు రావు. అప్పటికి కాడ యెండి, కాయ పగిలి, గింజ గాలికి పోయియుండును. వేసవిలో వచ్చిన పరిశోధకునికి పువ్వు చిక్కును, వానలలో వచ్చినవానికి ఆకు చిక్కును. ఈ రెండును ఒకే గడ్డవని చెప్పగలవాడు ఆ చోటనే యుండి ఏడాది కనిపెట్టినవాడు, లేదా గడ్డను కుండీలో పెంచినవాడు. కనుకనే ఈ మొక్క విషయమున పెంపకము వినోదము కాదు, శాస్త్రపరీక్షలో నొక భాగమని నా యభిప్రాయము.

పువ్వును దగ్గర నుండి చూడవలెనన్న పొద్దు వాలిన పిమ్మట పోవలెను. పగటివేళ పోయినవానికి మొగ్గలును, వాడిన రేకలును తప్ప వేరేమియు కనబడవు. కాడ పొడుగునను ఎడమెడముగా సన్నని తొడిమలకు పువ్వులు వ్రేలాడుచుండును. రేకలారు, వాని రంగు గోధుమయు పచ్చయు కలిసిన మాసిన రంగు, అంచు మాత్రము తెల్లన. అంగడిలో నమ్ముడుపోవు నందము కాదు, నిజమే. ఆ రేకలలో కేసరముల నెంచినచో ఆరు కనబడును, అండాశయము రేకల పైభాగమున నుండును. ఇది మఱవరాని లెక్క: ఐరిస్ కుటుంబమునకు కేసరములు మూడే, అండాశయము రేకలకు దిగువన నుండును, తోటలలో పెంచు కేసరిచెట్టు కుటుంబమునకు కేసరములారైనను అండాశయము దిగువననే. పువ్వును గోటితో చీల్చి చూచినయెడల మూడు కుటుంబములు వేరుపడును. కొండలలో పెరుగు మఱియొక చిన్నగడ్డ, శాస్త్రజ్ఞులు లెడెబూరియా యనునది, పూచునప్పుడు కూడ ఆకులతోనే యుండును. ఆ యాకులమీద ఊదారంగు మచ్చలుండును. అడవినాభికి ఈ పరీక్షలేవియు నక్కరలేదు. ఆకుకొన నులితీగయై కొమ్మను పట్టుకొన్నదా, అదియే.

నక్కవుల్లిగడ్డను కోసినచో ఉల్లివలెనే పొరమీద పొర కనబడును. కాని ఉల్లివాసన యుండదు, కోసిన చోట జిగురురసము తీగలు సాగును, వ్రేళ్లకంటిన కొంతసేపటికి దురద పుట్టును. ఆ రసములో సూదులవంటి సున్నపు స్ఫటికములున్నవి. అంతకంటె ఘోరమైనది గుండెమీద పనిచేయు విషము. తగు మోతాదులో దగ్గుమందుగా బ్రిటిష్ ఔషధసంహితలో చోటు సంపాదించినదియు విషమువలన విఖ్యాతి పొందిన ఈ గడ్డయే. అరికాలి ఆనెలకు కాల్చిన గడ్డను కట్టు నాటువైద్యమును కలదు. పైపూత మాట యెట్లున్నను, లోనికి పుచ్చుకొను ప్రయోగమును ఇంటిలో చేయదలచువారు ఈ వ్యాసమును ఇక్కడనే ముగించి పోవచ్చును.

సామర్లకోటలో కుంపిణీవారి తోటను నడిపిన విలియం రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లను సైతము తన గ్రంథములలో నెక్కించినవాడు. ఆయన దీనిని స్కిల్లా ఇండికా యనెను. 1843లో కుంత్ అను శాస్త్రజ్ఞుడు అర్జీనియా ప్రజాతిలో చేర్చెను. 1977లో జెస్సప్ అనునాతడు డ్రిమియా ప్రజాతిలోనికి మార్చెను. ప్రజాతి మాట యట్లుండగా, జాతిలోపలను చిక్కు కలదు. ఈ యొక్క జాతిలోనే క్రోమోజోములు 20, 30, 40 గల గడ్డలు దొరకినవి. ముప్పది గలవి సరిగా గింజ పట్టక, ప్రక్కన పిల్లగడ్డలు పెట్టుకొనియే వంశమును నిలుపుకొనుచుండును. పైకి చూచిన భేదము స్వల్పము. దీని దగ్గరి బంధువును 1982లో హేమాద్రి, స్వాహరి యనువారు నాగార్జున నామాంకితముగా కొత్తజాతియని వర్ణించిరి. ఇట్టి యరుదైన గడ్డలు ఇంకను గుర్తింపబడక మన యెండుగుట్టలలో దాగియుండుట అసంభవము కాదు.

ఇక పెంపకము. సమభాగములుగా ఎఱ్ఱగరుసును ముతకయిసుకను కలిపి, అడుగున రంధ్రము పెద్దదిగా గల మట్టికుండీలో, గడ్డ మెడ పైకి కనబడునట్లు నాటవలెను. పూర్తిగా పూడ్చినచో వానకాలమున మెడకుళ్లు పట్టును. ఆకులు పచ్చగ నున్నంతకాలము తడి యారినప్పుడెల్ల నీరు పోయవలెను. పసుపెక్కిన నాటినుండి చుక్కయైనను పోయరాదు. ఇచ్చటనే పెక్కుమంది తోటప్రియులు చెడుదురు: ఎండిన కుండీని చూచి జాలిపడి వేసవిలో నీరు పోయుదురు, గడ్డ కుళ్లును, పిమ్మట మొక్క మొండిదని నిందింతురు. రోహిణికార్తె యెండ దానికి శిక్ష కాదు, అవసరము.

సంతతిని పెంచుటకు రెండు దారులు. గడ్డను నిలువున చీల్చి, ప్రతి తునుకకును రెండుమూడు పొరలతో పాటు అడుగుబిళ్ల ముక్క యొకటి యుండునట్లు కోసి, కోతను నీడలో నారబెట్టి తేమయిసుకలో నిలిపినచో పొరల సందున చిన్నగడ్డలు పుట్టును. అడుగుబిళ్ల లేని పొర యెంత బలమైనదైనను వట్టిదే. ఈ విధమున వచ్చినవి తల్లి గడ్డకు ప్రతిరూపములు గనుక, గింజపట్టని రకమును నిలుపుటకు ఇదియే మేలు. గింజనుండి పెంచుట రెండవది. కాయ మూడు చీలికలుగా విచ్చకముందే పలుచని గుడ్డసంచిని కట్టవలెను. లేనిచో నల్లని చదునుగింజలు ఒక్క సాయంకాలపు గాలికి చెల్లాచెదరగును. అవి తాజాగా నుండగనే, ఇసుకమీద చల్లి పైని పలుచగా కప్పవలెను. గింజనుండి వచ్చినది పూచుటకు కొన్నేండ్లు పట్టును. ఈ యాలస్యమునకు ఓర్వలేకయే సేకర్తలు అడవిగడ్డలను బుట్టలకొలది త్రవ్వి తెత్తురు. అభయారణ్యములలో నట్లు త్రవ్వుట నేరము. బయటి గుట్టలలోనైనను, పూచిన గడ్డను పెకలించినవాడు ఆ చోట నుండవలసిన గింజను కూడ పెకలించినవాడగును. రెండు కాయలు కోసికొని గడ్డను అచ్చటనే యుంచుట న్యాయము. కుండీకి కట్టు చీటిమీద గుట్ట పేరు, నేల రంగు, కాడ లేచిన తేదీ, ఆకు వచ్చిన తేదీ వ్రాయవలెను. పెన్సిలుతో వ్రాయుట మంచిది, సిరా మన యెండకు రెండవ వేసవి దాటదు.