నల్లా దగ్గరి మెట్టతామర

హైదరాబాద్‌లోని అల్వాల్ పాత ఇళ్లలో బోళ్లు తోమే నల్లా నీళ్లు పారే చోట, అరటి పక్కన మెట్టతామర కనిపిస్తుంది. చాలావరకు అది కొన్న మొక్క కాదు, పక్కింటివాళ్లు తవ్వి ఇచ్చిన దుంప.

ఈమధ్య ఫోన్లలో చలిదేశాల తోటలు చూసి గడ్డపు ఐరిస్ మీద మనసు పడేవాళ్లున్నారు. మనసు పడదగ్గ పువ్వే. పొడవు రకం 70 సెంటీమీటర్లు దాటుతుంది, కింది రేకుల మీద మెత్తటి నూగు ఉంటుంది. కానీ దానికి గట్టి చలికాలం కావాలి. ఆ చలి ఉన్న కశ్మీరులో సమాధుల మీద తెల్ల ఐరిస్‌లు విరగబూస్తాయి. అల్వాల్‌లో డిసెంబరు రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. పైగా ఐరిస్ దుంప వీపు ఎండ కాచుకునేలా పైపైన నాటాలి, తడి నిలిస్తే కుళ్లుతుంది. మన ముసురు దానికి పడదు.

మెట్టతామరకు ఆ బాధ లేదు. రెండు మూడు కళ్లున్న దుంపముక్కను 4 అంగుళాల లోతున, అడుగున్నర ఎడంతో పెట్టి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. ఒక్కో కాడ పూత ఒక్కసారే. అది అయిపోగానే మొదలంటా కోసేస్తే పక్క పిలకకు బలం. పచ్చగా ఉంది కదా అని చాలామందికి చెయ్యి రాదు, మడి గుబురై పూలు తగ్గేది అక్కడే.

దగ్గరగా చూస్తే ఈ పువ్వు ఇంకా ముచ్చటగొలుపుతుంది. మనం రేకులనుకునేవి నిజానికి వెడల్పైన కేసరాలు. పుప్పొడి ఉండేది ఒకే కేసరంలో, అందులోనూ సగంలో. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ‘ఇండికా’ అని పేరు పెట్టినా, దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు.

నల్లా దగ్గర దీన్ని నాటిన పెద్దవాళ్ల చూపు ఎంత సరైనదో 2018లో నగరానికే తెలిసింది. నెక్నాంపూర్ చెరువులో మురుగును శుభ్రం చేయడానికి వదిలిన 3,000 చదరపు అడుగుల తేలే మడిలో వట్టివేరుతో పాటు మెట్టతామరనూ పెంచారు. దాని వేళ్లు మురుగులోని పోషకాలను పీల్చుకుంటాయి.

తొలకరికి మడి తవ్వితే ఇరుగుపొరుగుకు పంచేటన్ని దుంపలొస్తాయి. ఎరుపుదో పసుపుదో దుంపను చూసి చెప్పడం కష్టం. అందుకే పూత ఉండగానే కాడ మొదట్లో ఆ రంగు దారం కట్టి ఉంచాలి.