ఒంటరి యాత్రిక: వాహనము, వాఙ్మయము

భారతదేశమున యాత్ర చిరకాలము సామూహిక కార్యముగనే ఉండినది. కాశికి పోవువారైనను, కుంభమేళాకు పోవువారైనను బంధుమిత్రులతో, పరివారముతో కూడి బయలుదేరుట ఆచారము. తెలుగు యాత్రాసాహిత్యమున తొలినాటి మహాగ్రంథమైన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్రయే ఇందుకు నిదర్శనము. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిన ఆ యాత్రికుని వెంట సుమారు నూరుగురు నడచిరి. అట్టి పరంపరలో స్త్రీ యాత్ర చేయలేదని కాదు. చేసినది, కాని తండ్రితోనో, భర్తతోనో, కుమారునితోనో, వృద్ధబంధువుల గుంపుతోనో చేసినది. దారిలో ఎవరైనను "ఈమె ఎవరు? ఈమెకు పూచీ ఎవరు?" అని అడిగినచో బదులు చెప్పవలసినది ఆమె కాదు, ఆమె వెంట ఉన్నవారు.

అందువలన ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి స్త్రీలు వ్రాసిన కొన్ని యాత్రాగ్రంథములలో 'ఒంటరి' అను మాట ఉత్త విశేషణముగా గాక, విచారింపదగిన సమస్యగా నిలిచినది. ఒంటరి యనగా దారిలో మనుష్యులు లేకపోవుటయా? అట్లయినచో భారతదేశపు రహదారిపై ఒంటరి యాత్ర అసంభవము. బండి ఆగిన చోటనెల్ల జనము చేరుదురు. మరి ఆ మాటకు అర్థమేమి? ఆ అర్థము యాత్రిక ఎక్కిన వాహనమునుబట్టి ఏ విధముగా మారుచున్నది? మూడు గ్రంథములను సరిపోల్చి చూచినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము లభించును. ఒకదానిలో సైకిలు, ఒకదానిలో మోటారుసైకిలు, ఒకదానిలో ఇతరుల లారీ వాహనములు.

మొదటిది ఐర్లండు దేశీయురాలు డెర్వ్‌లా మర్ఫీ వ్రాసిన 'ఫుల్ టిల్ట్'. 1963 జనవరిలో స్వగ్రామము విడిచి, జులైలో ఆమె ఢిల్లీ చేరినది. గ్రంథము 1965లో వెలువడినది. పదియేండ్ల వయస్సున పాత సైకిలు, ప్రపంచపటము కానుకలుగా లభించిననాడే ఆమె ఈ యాత్రకు సంకల్పించినది. కాని రోగపీడితురాలైన తల్లికి పరిచర్య చేయుచు ముప్పది దాటువరకు ఇల్లు కదలలేకపోయినది. ఈ విషయము తెలిసిన పాఠకునకు ఆ సైకిలు వట్టి సైకిలుగా కనబడదు. ఇరువదియేండ్లు వాయిదాపడిన ఒక కోరికగా కనబడును. సైకిలు నెమ్మదియైన వాహనము. తొక్కువాని కష్టము చూచువారికి తెలియుచునే ఉండును. కనుక దారిప్రజలు దానిని చూచి బెదరరు. అలసినవానికి నీరు ఇచ్చినట్లే ఆమెకును ఆతిథ్యమిత్తురు. మర్ఫీ వచనమున కనబడు ప్రసన్నత కొంతవరకు ఈ సామ్యమునుండి పుట్టినదే.

మోటారుసైకిలు అట్లు కాదు. అది శబ్దముతో వచ్చును, వేగముతో వచ్చును, ధనమును సూచించును; పైగా మనదేశమున అది చాలకాలము పురుషుని వాహనముగనే భావింపబడినది. ఎల్స్పెత్ బియర్డ్ అను ఆంగ్లేయ యువతి, వాస్తుశాస్త్ర విద్యార్థిని, 1974లో తయారైన బి.ఎం.డబ్ల్యూ. బండిపై 1982లో ప్రపంచయాత్రకు బయలుదేరి, 1984లో స్వదేశము చేరినది. ఆమె నడిపిన దూరము సుమారు 35,000 మైళ్ళు. సిడ్నీ నగరమున నెలల తరబడి ఉద్యోగము చేసి ధనము కూడబెట్టినది. సామాను పెట్టుటకు తాళము వేయదగిన అల్యూమినియం పెట్టెలను అచట తానే తయారుచేసికొనినది. ఈ అనుభవములను ఆమె గ్రంథస్థము చేసినది మూడు దశాబ్దముల అనంతరము, 2017లో. దాని పేరు 'లోన్ రైడర్', అనగా 'ఒంటరి సవారు'.

ఈ గ్రంథమునకు ప్రధానగుణము నిర్మొగమాటము. రచయిత్రి తన్ను వీరనారిగా చిత్రించుకొనలేదు. ప్రమాదములు, దొంగతనము, కామెర్లవంటి వ్యాధి, కృశించిన దేహము, తెగిపోయిన స్నేహములు, అన్నియు ఉన్నవి. థాయిలాండున ఒక కుక్క అడ్డువచ్చి బండి పడిపోగా, అచటి పేదకుటుంబము ఆమెను చేరదీసి రోజుల తరబడి పోషించినది. తాను తినుచున్న మాంసము ఆ కుక్కదేనని ఆమెకు తరువాత తెలిసినది. కృతజ్ఞత, జుగుప్స, హాస్యము ఒకే పళ్ళెమున కలిసిన ఈ ఘట్టము గ్రంథమంతటికిని మకుటప్రాయము. తనకు భాష తెలియని ఇంటిలో, తానే చేసిన నష్టము ఆహారముగా మారి వచ్చినప్పుడు, అతిథికి గర్వించుటకు ఏమియు మిగులదు.

అయినను భారతదేశమును గూర్చిన భాగమునకు వచ్చునప్పటికి ఈ గ్రంథమున ఒక కొరత కానవచ్చును. జనసమ్మర్దము, రహదారుల ప్రమాదము, అనుమతిపత్రములకై నిరీక్షణ, ఇవియే ఎక్కువగా ముందుకు వచ్చుచున్నవి. 1984లో పంజాబు కల్లోలితమై విదేశీయులకు నిషిద్ధమైయున్నది. స్వదేశమునకు భూమార్గము ఆ ప్రాంతముమీదుగనే పోవలెను. కనుక ఆమె ఆందోళన సహజమే. కాని మూగిన జనములో ఒక్క ముఖమైనను గుర్తుండునట్లు చిత్రితము కాకపోవుటకు ఆందోళన మాత్రమే కారణము కాదు. మోటారుసైకిలు యాత్రికకు పోవు స్వాతంత్ర్యము నిచ్చును గాని నిలుచు అవకాశము నీయదు. చూడబోయిన ఆమె తానే చూడదగిన వస్తువైనది. నలుగురు చుట్టుముట్టి బండిని చూతురు, ఆమెను చూతురు. ఆమె తాళము త్రిప్పి వెడలిపోవును. చూపులు మాటలుగా మారుటకు వ్యవధి ఉండదు.

ఇంకొక విషయము. నేపాలునుండి తిరుగుప్రయాణమున ఆమెకు ఒక డచ్చి దేశపు సవారు తోడైనాడు. ఇరువురును చాలదూరము రెండు బండ్లపై కలిసి ప్రయాణించిరి. అట్లయినచో గ్రంథనామము అసత్యమని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ నిలువదు. తోడు వచ్చినవాడు ఆమెకు పూచీ కాడు. ఆమె బండి ఆమెది, ఆమె పత్రములు ఆమెవి, తప్పిదము జరిగినచో శిక్ష కూడ ఆమెదే. తోడు ఉండుట వేరు, పూచీ ఉండుట వేరు. 'ఒంటరి' అను మాటకు ఈ గ్రంథములు చెప్పు నిజమైన అర్థము ఇదియే.

మూడవ గ్రంథము భారతీయ సాహిత్యమునకు చెందినది. వంగ రచయిత్రి నవనీతా దేవ్‌సేన్ 1977లో అస్సాములో ఒక సాహిత్యసభకు వెళ్ళి, సభానంతరము ఇంటికి మరలక, సరిహద్దున ఉన్న తవాంగు చూడవలెనను కోరికతో రేషను సరుకులు మోయు లారీ ఎక్కినది. అప్పటి కామె జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలు, ఇరువురు కుమార్తెల తల్లి. ఈ యాత్రావృత్తాంతము 'ట్రక్‌బాహనే మాక్‌మహనే' అను పేర వెలసినది. లారీ వాహనముగా మాక్‌మహోన్ రేఖకు పోవుట యని భావము. అంత్యప్రాసతో కూడిన ఆ శీర్షికలోనే రచయిత్రి స్వభావము తెలియును. దేవతలకు గరుడుడు, నంది, మూషికము వాహనములైనట్లు ఈమెకు బియ్యపు బస్తాల బండి వాహనమైనది!

ఆమెకు సొంత వాహనము లేదు. కనుక అడుగడుగున ఎవరినో ఒకరిని అడుగవలెను. అనుమతిపత్రమునకు అధికారిని, చోటునకు లారీవానిని, ఆశ్రయమునకు అపరిచితులను. అడుగుటలో సంభాషణ పుట్టును, సంభాషణలో పాత్రలు పుట్టుదురు. "ఒంటరిగా ఏల వచ్చితివి?" అను ప్రశ్నను బియర్డ్ తప్పించుకొని పోగలదు, దేవ్‌సేన్ ఆ ప్రశ్నకు ప్రతిచోట ఏదో యొక సమాధానము చెప్పియే తీరవలెను. ఆమె హాస్యమంతయు ఆ సమాధానములనుండియే పుట్టినది. తన్ను తాను పరిహసించుకొనుచు, ఇతరులను నొప్పింపక, ఆమె ఒక సరిహద్దు ప్రాంతమును మనుష్యుల ప్రాంతముగా చూపినది. సాహిత్యదృష్టితో చూచినచో ఈ మూడింటిలో ఇదియే ఉత్కృష్టమనుట అతిశయోక్తి కాదు.

అయితే దీనినిబట్టి యంత్రము లేని యాత్రయే ఉత్తమమని తేల్చుట పొరపాటు. దేవ్‌సేన్ యాత్ర సుఖాంతమగుటకు దారిలో కలిసినవారి సౌజన్యము కారణము. సౌజన్యము లభించినది గనుక ఆమె నవ్వగలిగినది. అది లభింపనినాడు ఏమి? పరుల బండిలో కూర్చున్న స్త్రీ కోరినచోట దిగలేదు, కోరినప్పుడు కదలలేదు. అపరిచితుల మంచితనమును నమ్మి బయలుదేరుమని ప్రతి స్త్రీకి చెప్పగల ధైర్యము ఏ విమర్శకునికిని ఉండరాదు. ఈ భయము వలననే కదా అసంఖ్యాకులైన స్త్రీలు గడప దాటలేదు! మోటారుసైకిలు తాళపుచెవి విలువ ఇచ్చటనే ఉన్నది. అది ఆతిథ్యమును కాదను హక్కు. మర్యాద తప్పినచోట నిలువకుండ పోగల హక్కు. పాత్రలు తక్కువైన గ్రంథము పాఠకునకు లోపమే; కాని ఆ లోపమునకు మూలమైన వేగము యాత్రికకు రక్ష. కళాదృష్టి మాత్రమే కలిగి ఈ రక్షను విస్మరించు విమర్శ, ఇంటిలో కూర్చుండి వ్రాసిన విమర్శయే యగును.

నేడు ఈ వాహనమును భారతీయ స్త్రీలు చేపట్టినారు. 2014లో రోష్నీ శర్మ కన్యాకుమారినుండి కాశ్మీరమువరకు మోటారుసైకిలుపై ఒంటరిగా ప్రయాణించినది; అట్లు చేసిన తొలి మహిళగా పత్రికలు ఆమెను పేర్కొన్నవి. 2018లో హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్ళపై ఆగ్నేయాసియా దేశములను చుట్టివచ్చిరి. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను 'రోడ్ టు మెకాంగ్' అను పేర 2019లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించినది. అది ఒంటరి యాత్ర కాదు. కాని నలుగురును స్త్రీలే యగుట వలన పూచీ అను పాతప్రశ్న అచటను నిలిచియే యుండును. గుంపుగా వెళ్ళిన స్త్రీలను సైతము లోకము "ఒంటరిగా వచ్చితిరా?" అని అడుగుట కలదు. ఆ ప్రశ్నయే ఆ మాటకు అర్థము చెప్పుచున్నది.

వార్తకు 'తొలి' అను మాట చాలును, గ్రంథమునకు చాలదు. ఎన్ని దినములు, ఎన్ని మైళ్ళు అను లెక్క ఘనతను నిరూపించునే గాని అనుభవమును అందీయజాలదు. భారతీయ భాషలలో తన బండిపై తాను దేశము చుట్టిన స్త్రీ వ్రాయవలసిన గ్రంథమునకు బియర్డ్ నిర్మొగమాటము కావలెను, దేవ్‌సేన్ చెవి కావలెను. ఆమెకు భాష తెలియును. బియర్డ్‌కు లేని సౌకర్యము అది. గుమ్మమున నిలిచి బండిని చూచుచున్న స్త్రీ ఏమి అడిగినదో, ఏమి అడుగక ఊరకుండినదో ఆమె వినగలదు. ఆ గుమ్మపు స్త్రీకి గ్రంథమున ఒక పుటయైనను దక్కవలెను.

వీరాస్వామయ్య తన గ్రంథమున మజిలీలను, వసతిని, దొరకు సరుకులను శ్రద్ధతో వ్రాసియుంచినాడు. తన ఘనత చాటుటకు కాదు, వెనుక వచ్చువారికి దారి తెలియుటకు. నూరుగురితో పోయిన ఆ గృహస్థునకును, ఒంటరిగా పోవు నేటి యాత్రికకును ఇచ్చట బంధుత్వము కలదు. ఏ ఊరిలో రాత్రి నిర్భయముగా నిలువవచ్చునో, ఏ దారిన పొద్దుండగనే దాటవలెనో, ఎవరి ఇంట నీరు దొరకునో ఆమె వ్రాసినచో, ఆమెకు పూచీ ఎవరను ప్రశ్నకు బదులు దొరకును. ముందు పోయిన స్త్రీ వెనుక వచ్చు స్త్రీకి పూచీ.