అచ్చుకూటంలోని సంఘకాపరి: విలియం వార్డ్ జీవితంపై ఒక పునఃపరిశీలన

సంఘచరిత్ర పాఠాలలో 'సెరంపూర్ త్రయం' అనే మాట మనకు బాగా అలవాటు. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అని ఒకే ఊపిరిలో చెప్పుకుంటాము. కేరీ అనువాదకుడు, మార్ష్‌మన్ విద్యావేత్త అని వివరించిన తరువాత మూడవ పేరు దగ్గర మన పాఠం ఒక్క ముక్కతో ముగిసిపోతుంది: ఆయన ముద్రాపకుడు. వాక్యాన్ని అనువదించడం పరిచర్య, బోధించడం పరిచర్య, అచ్చు వేయడం మాత్రం ఆ పరిచర్యకు ఉపకరణం అనే అంతస్తుల లెక్క ఆ ముక్కలో దాగి ఉంది. జాషువా మార్ష్‌మన్ కుమారుడు జాన్ క్లార్క్ మార్ష్‌మన్ 1859లో ఈ ముగ్గురి చరిత్రను రెండు సంపుటాలుగా ప్రచురించాడు. 1885లో జార్జ్ స్మిత్ కేరీ జీవితచరిత్ర వెలువడింది. ఈ గ్రంథాలలో వార్డ్‌కు గౌరవం తక్కువేమీ కాలేదు. అయితే ఆయన కేరీ చేతికి అందివచ్చిన మరో చేయిలాగే ఎక్కువగా కనబడతాడు. ఆయన జీవితాన్ని ఆయన అచ్చుకూటం లోపలి నుండి చదవాలని మేము భావిస్తున్నాము. అలా చదివితే ఆయన గొప్పతనం పెరుగుతుంది, ఆయనపై చేయవలసిన విమర్శ కూడా మరింత పదునెక్కుతుంది.

వార్డ్ 1769లో ఇంగ్లండులోని డర్బీలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. చిన్నతనంలోనే తండ్రి మరణించగా తల్లి పెంపకంలో పెరిగి, ఊరిలోని ముద్రాపకుని వద్ద పని నేర్చుకున్నాడు. తరువాత డర్బీ, స్టాఫర్డ్, హల్ పట్టణాలలో వార్తాపత్రికలకు సంపాదకుడయ్యాడు. ఫ్రెంచి విప్లవం నాటి రోజులవి. పార్లమెంటు సంస్కరణ కోరిన డర్బీ సంఘంలో ఆయన చురుకైన సభ్యుడు. ఆ సంఘం 1792లో ప్రకటించిన విజ్ఞాపన ఆయన రాసినదేనని చెబుతారు. దానిని అచ్చు వేసిన లండన్ పత్రిక యజమానులపై ప్రభుత్వం కేసు పెట్టింది, వారు నిర్దోషులుగా బయటపడ్డారు. అచ్చయిన మాట మనుషులను కోర్టు బోను ఎక్కించగలదని మిషనెరీ కాకముందే ఆయనకు తెలుసు. జీవితచరిత్రకారులు ఈ ఘట్టాన్ని యవ్వనపు పొరపాటులాగా త్వరగా దాటిపోతారు. మేమలా దాటలేము. తరువాత సెరంపూర్‌లో జరిగినవాటికి తాళపుచెవి ఇక్కడే ఉంది.

1793లో భారతదేశానికి బయలుదేరే ముందు కేరీ ఆయనను కలిసి, కొన్నేళ్ళకు బైబిలు అచ్చు వేయడానికి మీ వంటి మనిషి మాకు కావాలని చెప్పాడట. వార్డ్ 1796లో హల్‌లో బాప్తిస్మము పొంది, జాన్ ఫాసెట్ వద్ద వేదాంత శిక్షణ పొందాడు. 1799 అక్టోబరు 13న క్రైటీరియన్ అనే అమెరికా ఓడలో వచ్చిన బృందంతో సెరంపూర్ చేరాడు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో మిషనెరీలకు అనుమతి లేదు గనుక హుగ్లీ ఒడ్డున డేన్‌ల పాలనలో ఉన్న ఈ చిన్న పట్టణమే వారికి ఆశ్రయమైంది. కేరీ 1800 జనవరిలో వారితో కలిశాడు. అదే సంవత్సరం మార్చి 18న బెంగాలీ క్రొత్త నిబంధన మొదటి ఫారం అచ్చయింది. 1801 ఫిబ్రవరి 7న గ్రంథం పూర్తయింది. పదకొండు నెలలైనా పట్టలేదు. వార్డ్ పగలు కంపోజింగు, ప్రూఫులు చూసుకునేవాడు. ప్రసంగాలు, విచారణాపరుల పరామర్శ కూడా ఆయన పనే. బెంగాలీ ధారాళంగా మాట్లాడేవాడు.

1811లో ఆయన బంధువుకు రాసిన ఒక లేఖ మా వ్యాసానికి ముఖ్యాధారం. అందులో ఆయన తన కార్యాలయాన్ని గది వెంట గది చూపిస్తాడు. తాను తెల్లని జాకెట్టు తొడుక్కుని ఒక చిన్న గదిలో కూర్చుని ఉంటాడు. ఎదుట నూట డెబ్భై అడుగులకు పైబడిన పొడవుతో అచ్చుకూటం. పక్కన భారతీయ పండితులు లేఖనాలను తర్జుమా చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ ఉంటారు. ముందుకు నడిస్తే అరబీ, పర్షియన్, నాగరి, బెంగాలీ, చైనా, గ్రీకు, హెబ్రీ మొదలైన లిపుల టైపు కేసులు వరుసగా ఉంటాయి. వాటిలో మన తెలుగు కూడా ఉంది. హిందువులు, ముస్లిములు, దేశీయ క్రైస్తవులు ఒకే గదిలో అక్షరాలు కూరుస్తూ, వాడిన టైపును తిరిగి గళ్ళలో వేస్తూ ఉంటారు. బైండింగు చేసేవారు ఆరుగురు ముస్లిములు. బయట అక్షరాలు పోతపోసేవారు, సిరా తయారుచేసేవారు, వెనుక కాగితపు కర్మాగారం.

ఈ లేఖను సాధారణంగా ముచ్చటైన వర్ణనగానే ఉదహరిస్తారు. అందులో ఒక సంఘశాస్త్రం ఉందని మా అభిప్రాయం. ఆ కాలపు బెంగాలులో బ్రాహ్మణ పండితుడు, ముస్లిము బైండరు, కులం కోల్పోయిన కొత్త క్రైస్తవుడు ఒకే కప్పు కింద ఒకే గ్రంథం కోసం రోజంతా పనిచేసే చోటు ఎంత అరుదో ఆలోచించాలి. బల్లారాధనలో అందరినీ కూర్చోబెట్టడానికి ఎంతో శ్రమపడిన మిషను, అచ్చుకూటంలో ఆ పనిని ఏ తీర్మానమూ లేకుండానే చేసింది. అయితే వారు జీతానికి చేశారే గాని విశ్వాసంతో కాదు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. డేరాలు కుట్టిన పౌలు పక్కన కూర్చున్న పనివారందరూ విశ్వాసులేనా?

1812 మార్చి 11 సాయంకాలం ఈ భవనానికి నిప్పంటుకుంది. కేరీ కలకత్తాలో ఉన్నాడు. వార్డ్ తలుపులు, కిటికీలు మూయించి, పైకప్పుకు రంధ్రం చేసి గంటల తరబడి నీళ్ళు పోయించాడు. మంట అదుపులోకి వస్తుండగా ఎవరో ఒక కిటికీ తెరిచారు. గాలి దొరికిన మంట అంతటినీ మింగేసింది. తెలుగు టైపుతో సహా అనేక భాషల అక్షరాలు కరిగిపోయాయి. కేరీ తెలుగు వ్యాకరణపు రాతప్రతి కాలిపోయింది. అది తిరిగి రాయబడి 1814లో వెలువడింది. ప్రెస్సు యంత్రాలు మాత్రం దక్కాయి. బూడిద చల్లారాక వెదికితే అక్షరాల అసలు అచ్చులైన ఉక్కు పంచ్‌లు చెడకుండా దొరికాయి. వార్డ్ కరిగిన లోహాన్ని పోగుచేయించి, దగ్గరలోని ఖాళీ గోదాములో మళ్ళీ పోత మొదలుపెట్టాడు. విశాఖపట్నంలో పనిచేసి 1810లో మరణించిన డేస్‌గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో తెలుగులోకి తెచ్చిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లోనే సెరంపూర్‌లో అచ్చయ్యాయంటే ఆ పూనిక ఎంతటిదో తెలుస్తుంది. అక్కడి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వచ్చింది. అగ్నిప్రమాదాన్ని ప్రసంగాలలో కేరీ సహనానికి దృష్టాంతంగా చెబుతారు. ఆ రాత్రి పొగలో నిలబడింది వార్డ్.

ఇక విమర్శ. 1805 అక్టోబరులో సెరంపూర్ సహోదరులు ఒక ఒడంబడిక చేసుకుని, ఏటా మూడుసార్లు ప్రతి కేంద్రంలో చదువుకోవాలని తీర్మానించారు. దాని ముఖ్య రచయిత వార్డేనని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అందులో ఒక అంశం మనకు చాలా ముఖ్యమైనది. ఈ దేశస్థుల దేవతల దోషాలను కటువుగా ఎత్తిచూపరాదని, విగ్రహాలకు హాని చేయరాదని, వారి ఆరాధనకు అడ్డుతగలరాదని ఆ పత్రం ఆదేశిస్తుంది. రెండేళ్ళకు, అంటే 1807లో, ఈ నియమం ఎందుకు అవసరమో అనుభవమే నేర్పింది. ఒక కరపత్రాన్ని పర్షియన్‌లోకి మార్చిన వ్యక్తి ప్రవక్త మహమ్మదును దూషించే మాటలు చేర్చాడు. మిషనెరీలు సరిచూడకుండానే అది అచ్చయి బయటకు వెళ్ళింది. కలకత్తా ప్రభుత్వం ప్రెస్సునే కలకత్తాకు తరలించమని ఆజ్ఞాపించింది. డేనిష్ గవర్నరు అడ్డుపడగా, మిషనెరీలు క్షమాపణతో విన్నవించుకోగా ఆ ఆజ్ఞ రద్దయింది. చదవకుండా అచ్చొత్తిన ఒక్క మాటకు మొత్తం పరిచర్య అంచుకు వచ్చింది.

మరి 1811లో వార్డ్ నాలుగు సంపుటాలలో ప్రచురించిన హిందువుల గ్రంథాలు, మతం, ఆచారాల వృత్తాంతం మాటేమిటి? తాను రాసిన ఒడంబడిక వద్దన్న పనినే అది విస్తారంగా చేస్తుంది. దేవతల కథలలోని దోషాలను పేరుపేరునా ఎంచుతుంది. ఒక జాతి నైతికత మొత్తాన్ని ఆ కథల నుండి తేల్చేస్తుంది. అయినా ఆ గ్రంథంలో విలువైనది లేదనలేము. వృత్తులు, కులాలు, పండుగల వివరాలను ఆయన శ్రద్ధగా సేకరించాడు. సతీసహగమనంపై ఆయన వాంగ్మూలం అవసరమైనదే, ధైర్యమైనదే. సమస్య దాని కంఠస్వరంలో ఉంది. ఒడంబడిక హుగ్లీ ఒడ్డున పొరుగువారితో బ్రతకడానికి రాసుకున్నది. ఈ గ్రంథం ప్రధానంగా ఇంగ్లండు పాఠకుల కోసం, మిషనెరీలకు ద్వారాలు తెరవాలా అన్న వాదం అక్కడ రగులుతున్న రోజులలో రాసినది. పాత సంపాదకుడికి తన పాఠకుడెవరో బాగా తెలుసు. 1817లో భారతదేశ చరిత్ర రాసిన జేమ్స్ మిల్, ఈ దేశాన్ని చూడకుండానే, వార్డ్‌పై ఎంతగా ఆధారపడ్డాడో చూస్తే ఆ స్వరం ఎంత దూరం ప్రయాణించిందో అర్థమవుతుంది.

పక్కగదిలో కూర్చుని ప్రూఫులు దిద్దే పండితుడు ఈ గ్రంథంలో సమాచారం ఇచ్చేవాడుగా ఉపయోగపడ్డాడు, మనిషిగా కనబడడు. ఒకే కలం, ఒకే సంవత్సరం: లేఖలో ఆ పనివారిని పేరులేకపోయినా ప్రేమతో చూపిన వార్డ్, గ్రంథంలో వారి జాతిని నిందితుల వరుసలో నిలబెట్టాడు. ఈ వైరుధ్యాన్ని కాలధర్మం అని సరిపెట్టుకోవడం మాకు సమ్మతం కాదు. కాలధర్మమైతే 1805 పత్రం ఎలా పుట్టింది? తెలుగు సంఘాలలో ఈనాటికీ వినబడే కొన్ని బహిరంగ ప్రసంగాల ధోరణి 1811 గ్రంథానికి దగ్గరగా ఉంది గాని 1805 ఒడంబడికకు కాదు. ఆ ప్రసంగీకులలో సెరంపూర్ పట్టా ఉన్నవారూ ఉన్నారు.

వార్డ్ 1823 మార్చి 7న కలరాతో సెరంపూర్‌లోనే మరణించాడు. అచ్చుకూటం ఆగలేదు. ఆ అక్షరాలను మొదట చెక్కిన పంచానన్ కర్మకార్ 1804 ప్రాంతంలో మరణించగా, ఆయన అల్లుడు మనోహర్ నలభై ఏళ్ళకు పైగా ఆ పని సాగించాడు. ఆయన క్రైస్తవుడు కాలేదు. 1839లో ఆయనను చూసిన జేమ్స్ కెనడీ అనే యువ మిషనెరీ సాక్ష్యాన్ని జార్జ్ స్మిత్ నమోదు చేశాడు. మనోహర్ తన ఇష్టదైవపు ప్రతిమ కింద నేలమీద కూర్చుని బైబిలుకు కావలసిన అక్షరాలు తయారుచేస్తున్నాడు. ఆ ప్రతిమ లేనిచోట పని ముట్టేవాడు కాదు. దానిని తీసేయమని అచ్చుకూటంలో ఎవరూ అనలేదు.