పన్నెండు ఆకులు, ఆరు పూటీలు

గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ అంటే మనకు గేట్లే గుర్తొస్తాయి. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు జులై 1న ఎత్తాలి, అక్టోబరు 28 దాకా దించకూడదు. 2.74 టీఎంసీల లెక్క అందరికీ నోటికొచ్చు. అదే గోదావరి ఒడ్డున, తెలుగూ మరాఠీ కలగలిసిన ధర్మాబాద్ తాలూకాలో, బండి చక్రం కట్టగల సుతార్లు, అంటే వడ్రంగులు, ఎందరు మిగిలారని మాత్రం ఎవరూ అడగరు. నా కోపమల్లా అదే.

చక్రమంటే నడుమ కుండ, చుట్టూ పన్నెండు ఆకులు, అంచున రెండు ఆకులకొకటి చొప్పున ఆరు పూటీలు, పైన ఇనుప పట్టా. మేకు లేదు, జిగురు లేదు. కర్ర నల్లతుమ్మ, ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టేవారట.

ఆకులు కుండలోకి తిన్నగా దిగవు. చక్రం పళ్లెంలా కాస్త లోతుగా ఉండాలి. ఎడ్లు అడుగేసినప్పుడల్లా బండి పక్కలకు ఊగుతుంది, ఆ తోపుడుకు ఆగేది ఆ వాలే. పన్నెండు బెజ్జాలూ ఒకే వాలున తొలవడానికి సుతార్ దగ్గరున్నది ఉలి, బాడిశ, కన్ను. ఇంతకంటే ఏం విద్య కావాలండీ!

అసలు పరీక్ష పట్టా ఎక్కించేటప్పుడు. దాన్ని చక్రం చుట్టుకొలత కన్నా కొద్దిగా తక్కువకే అతుకుతారు. పిడకల మంటలో ఎర్రగా కాలితే పదిహేనడుగుల పట్టా అంగుళానికి పైగా సాగుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి వేస్తారు. పూటీలు అంటుకుని పొగ లేస్తుంది, సమ్మెటలు పడతాయి, బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుంటూ అతుకులన్నీ కిర్రుమని మూసేస్తుంది. మరీ బిగువైతే ఆకులు వంగిపోతాయి, వదులైతే ఎండాకాలానికి లొడలొడ. వదులైన పట్టా దించి, ఎంత ముక్క తీయాలో చక్రం మీద చేత్తో తట్టి, ఆ చప్పుడును బట్టి చెప్పేవాళ్లున్నారు. కొత్త చక్రం కన్నా ఆ మరమ్మతుకే నేను ముందు దండం పెడతాను.

బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి పాత బండి ఎద్దు మెడకు హింస అన్నారు. ఎద్దు తరఫున ఆ మాట న్యాయమే. మెడ మీది బరువు తగ్గించే పని సుతార్‌కే అప్పజెప్పి ఉండాల్సింది. టైరు బండి వచ్చి అతన్నే తీసేసింది. పూరీ రథయాత్రకు చూడండి, మూడు రథాలకు ఏటా 42 చక్రాలు కొత్తగా చేస్తారు. అడిగేవాళ్లుంటే విద్య ఎక్కడికీ పోదు.

మన దగ్గర అడిగేది ధాబాలూ రిసార్టులూ. ప్లైవుడ్ కోసి, స్క్రూలు బిగించి, వార్నిష్ పూసి గోడకు తగిలిస్తారు. దానికి ‘పల్లె కళ’ అని పేరు! ఆకుల్లో వాలుండదు, పట్టా స్థానంలో నల్ల రంగు. అంతకన్నా ఘోరం, నిక్షేపంలాంటి పాత చక్రాన్ని రంపంతో కోసి టీపాయ్ చేయడం.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకూ కమ్మర్లకూ చోటుంది. శిక్షణలో చక్రం కూడా చేర్చండి, పాఠం చెప్పడానికి మిగిలిన ముసలి సుతార్లనే పిలవండి, కూలి కాదు, గురుదక్షిణ ఇవ్వండి. పోలా పండక్కి ఎడ్ల కొమ్ములకు రంగులేసే రైతన్నలారా, చావిట్లో పడున్న చక్రాన్ని పాత సామాన్లవాడికి తూచకండి. ఈ ఎండాకాలం ఒక్కసారి పట్టా దింపించి బిగించండి, మీ పిల్లాణ్ని ఆ మంట దగ్గర నిలబెట్టండి.