ఓడకు మనిషిని తయారుచేసేవాళ్లు

పాలమూరు, నల్లగొండ పిల్లలకు పెద్ద నీళ్లంటే జూరాల, నాగార్జునసాగర్. నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చిన ఈతే చాలామందికి తెలిసిన ఈత. అలాంటి పిల్లవాడు నౌకాదళానికి నావికుడిగా ఎంపికైతే మొదట చేరేది ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కాకు. 1980 నుంచి నావికులను తీర్చిదిద్దుతున్న చోటు అది. అగ్నివీరుల తొలి జట్టు 2023 మార్చి 28న అక్కడే శిక్షణ ముగించింది. దాదాపు 2,600 మందిలో 273 మంది అమ్మాయిలు! ఆ సంఖ్య చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కవాతు మనకు టీవీలో కనిపిస్తుంది. కనిపించని పనితనం లోనావాలాలోని నౌకాదళ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ శివాజీలో ఉంది. ఓడ గదిలాంటి గదిని యంత్రంతో ఊపుతారు, గోడల చిల్లుల్లోంచి నీళ్లు వదులుతారు. మోకాళ్లు దాటి నీళ్లు పెరుగుతుంటే చెక్క చీలలు, బిరడాలు కొట్టి చిల్లు మూయాలి, దూలం ఆనించి గోడను నిలబెట్టాలి. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు, మేస్త్రీ రాడు. అందుకే వంటవాడైనా, గుమాస్తా అయినా ఈ పని నేర్వాల్సిందే. అధికారులకూ ఇందులో మినహాయింపు లేదు.

భయాన్ని తిట్టి పోగొట్టలేం. చేతికి పని అలవాటు చేసి పోగొట్టాలి. అది తెలిసిన ఆ శిక్షకులు గొప్ప గురువులు. మన ఊళ్లలో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు నౌకాదళంలో చేరే దారి ఉందని చెప్పండి, ఆడపిల్లలకు మరీ ముఖ్యంగా.