చిక్కు

మా తండ్రిగారి హార్మోనియము ఈ మాఘమాసమున, పాడుటకు ముందే పండ్లు కొట్టుకొను వృద్ధునివలె, మెట్టు నొక్కినప్పుడెల్ల టకటకమని చప్పుడు చేయ నారంభించినది. తెనాలి, గుడివాడ ప్రాంతములలో పద్యనాటకములు తెల్లవారువరకు సాగిన దినములలో ఎందరి రాగములకో శ్రుతి కలిపిన పెట్టె యది. మరమ్మతు చేయు నతడు మూత తీసి చూపగా, మెట్ల క్రింద పరచిన ఉన్నిగుడ్డను చిమ్మెటలు తిని జల్లెడ చేసియుండెను. “ఇది నేసిన గుడ్డ కాదండీ, దీనికి పడుగూ పేకా ఉండవు. ఫెల్ట్ అంటారు” అని అతడనిన మాట మనస్సున నాటుకొని, పడుగు పేకలు లేని వస్త్రమెట్లు పుట్టునో తెలిసికొనవలెనను కుతూహలముతోపాటు, దానిని నా చేతులతోనే చేసి ఆ పెట్టెకు సమర్పింపవలెనను దురాశయు కలిగినది.

దురాశ యనుటకు కారణము కలదు. కృష్ణా డెల్టా వరికిని తుంగకును పుట్టినిల్లే గాని ఉన్నికి కాదు. ఇచట చేలగట్లపై మేయునవి చాలవరకు నెల్లూరు జాతి గొఱ్ఱెలు; జోడిపి యైనను, పల్ల యైనను, వాని మేన నుండునది బొచ్చే గాని ఉన్ని కాదు. ఈ భేద మెరుగక, బందరు కాలువగట్టున ఒక కాపరి నడిగి తెచ్చిన బొచ్చును రెండు గంటలసేపు సబ్బునీటిలో పిసికితిని. నా వ్రేళ్లు నానినవి గాని అది మాత్రము క్షౌరశాలలో రాలిన వెండ్రుకలవలె విడివిడిగనే యుండెను. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే’ యందురు. నాది గొంగళి యైనను కాలేదు.

ఉన్ని మెట్టసీమల సొత్తు, దక్కనీ గొఱ్ఱె సొత్తు. అనంతపురము జిల్లాలో ఒక కురుబవారి యింట, గొఱ్ఱెలనుండి కత్తిరించిన నల్లని ఉన్నిని ఏకి, వడికి, ఆ నూలునకు చింతగింజల గంజి పట్టించి గొంగళ్లు నేయుట చూచితిని. పెండ్లినాడు మణికట్టున కట్టు కంకణము ఉన్నిదా పత్తిదా యనుదానిని బట్టియే శాఖలు ఏర్పడిన కులమది. వారి యెదుట ఉన్నినిగూర్చి ప్రసంగించుట నావంటివానికి తగదు. అచటి అవ్వ నా బొచ్చుమూటను రెండు వ్రేళ్లతో నలిపి, “ఇది ఉన్ని గాదు సామీ. ఎన్ని నీళ్లు పోసినా లొంగదు” అని నవ్వి, తన బుట్టలోని ఉన్నిని నా సంచిలో నింపెను.

రోహిణికార్తెలో, బెజవాడ కొండలు నిప్పులు చెరుగువేళ, ఉన్ని ముందు వేసికొని కూర్చున్న నన్ను చూచి ఇరుగుపొరుగువారు నా ఆరోగ్యమునుగూర్చి విచారించిరి. ఏకిన ఉన్నిని తుంగచాపపై పలుచని పొరలుగా, ఒకటి నిలువునకు, మరియొకటి అడ్డమునకు పరచి, చేయి ఓర్చునంత వేడి సబ్బునీరు చిలకరించి, మొదట అరచేతులతో మెల్లగా రాచి, పిమ్మట చాపతో సహా చుట్టి, త్రాడు బిగించి, మోచేతులతో ముందునకు వెనుకకు దొర్లింపవలెను. ఉన్నిపోగు మేనినిండ, పెంకుటింటి కప్పువలె, పొలుసులు ఒకే దిక్కునకు వాలియుండును. వేడికిని సబ్బుకును అవి విచ్చుకొనగా, రాపిడికి పోగు తన మొదలు వైపునకే ప్రాకును, వెనుకకు మరలబోయిన పొలుసులే అడ్డుపడును. దక్కనీ ఉన్ని ముతకది, మొండిది. మూడు మధ్యాహ్నములు నా మాట వినలేదు. నాలుగవనాడు పోగులు చిక్కుపడినవి, 30 అంగుళముల పరుపు 20 అంగుళములకు చిక్కినది, చిక్కినకొలది చిక్కనైనది. నిఘంటువున వేర్వేరుగ నుండు ఈ మూడర్థములును ఒక్క చాపచుట్టలో ఒకదానివెంట నొకటి నడచివచ్చుట చూచి, ఈ మాటను పుట్టించినవా డెవడో గొఱ్ఱెలకాపరియే యని అనుమానించితిని. భాషాశాస్త్రజ్ఞులు మన్నింతురు గాక.

మా అమ్మ తన కాశ్మీరు శాలువను చన్నీటిలో కుంకుడు రసముతో, పసిబిడ్డకు లాలపోసినట్లు ఉతికి, మెలిపెట్టక నీడపట్టున ఆరవేసెడిది. ఆమె ఊర లేనినాడు, సాయపడుదునని నేను దానిని మరుగునీటిలో వైచి బండపై బాదగా, అది మా చెల్లెలి బొమ్మకు దుప్పటి యైనది. ఆమె మూడు దినములు నాతో మాటలాడలేదు. ఆ శాలువ ముక్క దట్టముగ, వెచ్చగ, అంచు కత్తిరించినను పోగు ఊడక యుండెడిది. అది ఫెల్టని ఆ యింట ఎవరికిని తెలియదు.

కాశ్మీరమున దీనితో చేయు పరుపును నమదా యందురు. ఆల్టాయి పర్వతములలోని పజిరిక్ సమాధులలో, మంచు కాపాడగా రెండువేల యేండ్లకు పైగా చెడక నిలిచిన ఫెల్టు హంస నేడు హెర్మిటేజ్ మ్యూజియమున నున్నది. మనకు చేరువనున్న ఏలూరు తివాచీలును ఉన్నివే. కాని అవి మగ్గముపై ముడి వెంట ముడి వేసి నేసినవి, వాని విద్య వేరు.

నా గుడ్డను పట్టుకొని పోయినప్పుడు, మరమ్మతు చేయు నతడు దానిని పొగడలేదు, తెగడలేదు. అంచు నొకచోట బొటనవ్రేలితో నొక్కి, వెలుతురునకు పట్టి, సూదిమొనలంత సందులను నాకు చూపి, “ఇంకా చిక్కబడాలండీ” అనెను. తడి యారని చాప వసారాలోనే యున్నది; ఇంటికి వచ్చి పొయ్యిమీద నీళ్లు పెట్టితిని.