మొగదోర్ ప్రాకారాలు: వెల్స్ ‘ఒథెల్లో’లో స్థలవిభావం

అలంకారశాస్త్రం ప్రకారం స్థలం ఉద్దీపన విభావం. చిత్రీకరణ స్థలాల మీద జరిగే చర్చ కూడా సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. మొరాకో అట్లాంటిక్ తీరంలోని ఎస్సవిరా కోటపట్టణం (పూర్వనామం మొగదోర్) ఆర్సన్ వెల్స్ ‘ఒథెల్లో’లో నిర్వహించిన పాత్రకు ఆ పరిధి చాలదు.

షేక్‌స్పియర్ నాటకంలో తొలి అంకం వెనిస్‌లో, తక్కిన కథ సైప్రస్‌లో నడుస్తుంది. చిత్రంలో ఆ సైప్రస్‌గా ప్రధానంగా కనిపించేది మొగదోర్. సుల్తాన్ మహమ్మద్ బిన్ అబ్దుల్లా 1760 దశకంలో ఫ్రెంచి ఇంజనీరు కోర్నూ సహాయంతో ఈ రేవుపట్టణాన్ని నిర్మింపజేశాడు. అంటే నాటకానికి ప్రాచీనతను సమకూర్చిన బురుజులు నాటకం కన్నా ఒకటిన్నర శతాబ్దం చిన్నవి. ఈ కాలవైరుధ్యం ప్రేక్షకుడికి స్ఫురించదు. వెల్స్ ఆ గోడలను చరిత్రగా కాక నిర్బంధంగా చూపాడు. ఇయాగోను ఇనుప పంజరంలో పెట్టి గోడ మీదికి ఎత్తే ప్రారంభదృశ్యం నుంచే, ఎదుట సముద్రం పరుచుకుని ఉన్నా, బయటికి దారి లేదనిపిస్తుంది. ఇక్కడ ఉద్దీపనం దాదాపు ఆలంబనమవుతుంది.

దుస్తులు సమయానికి అందక రోడరిగో హత్యారంగాన్ని స్నానశాలకు మార్చిన ఉదంతాన్ని విమర్శకులు చమత్కారంగానే చెబుతుంటారు. ఆవిరిలో తువ్వాళ్లు చుట్టుకున్న దేహాలకు సైనికహోదా ఉండదన్న సంగతి అంతకన్నా గమనించదగ్గది.

అసలు చిక్కు వేరు. నాలుగో అంకంలో ఒథెల్లో మారిటేనియాకు వెళ్లిపోతున్నాడని ఇయాగో అబద్ధమాడతాడు. ప్రాచీనుల వాడుకలో అది వాయవ్య ఆఫ్రికా, మూర్‌ల దేశం. చిత్రీకరణ ఆ అబద్ధాన్ని ఒక విధంగా నిజం చేసింది. మూర్ తన వారి నేల మీదే నిలబడ్డాడు. అయితే ఆ నేల పేరు సైప్రస్. ఆ మూర్ ముఖం రంగు పూసుకున్న అమెరికన్ నటుడిది. ఒథెల్లో పరాయితనాన్ని రూపుకట్టించడానికి చిత్రం అతని స్వదేశపు గోడలనే వాడుకుంది. ఛాయాగ్రహణాన్ని మెచ్చుకునే వ్యాసాలు ఈ వైపరీత్యాన్ని ఉపేక్షించడం సమంజసం కాదు.

1952 కాన్ ఉత్సవంలో ఈ చిత్రం మొరాకో పేరుతోనే ప్రవేశించి అత్యున్నత బహుమతిని పంచుకుంది. అప్పటికి మొరాకో ఇంకా ఫ్రెంచి రక్షితరాజ్యం. పట్టణంలో నేడు వెల్స్ పేరిట ఒక కూడలి ఉంది. 2013లో ప్రసారమైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మూడో భాగంలో ఇవే ప్రాకారాలు అస్తపోర్ అనే బానిసల విపణినగరంగా కనిపించాయి. ఎస్సవిరా పేరు అక్కడా లేదు.